అంగోలా జైలు పొలం చరిత్ర: బ్రాడీపేట ఆదివారం తరగతులపై ఒక సమీక్ష

గుంటూరు బ్రాడీపేటలో ఒక పాత ఇంటి మేడమీద ఆదివారం సాయంత్రాలు రుసుము తీసుకొని చరిత్ర పాఠాలు చెప్పే చిన్న తరగతి ఒకటి నడుస్తోంది. ఒక్కో అంశాన్ని నాలుగు ఆదివారాల పాటు చెబుతారు. ఒక్కో పాఠం రెండు గంటలు, మధ్యలో టీ, చివర అరగంట ప్రశ్నలకు. మొత్తానికి ఎనిమిది వందల రూపాయలు, విద్యార్థులకు అందులో సగం. పోటీ పరీక్షల శిక్షణతో దీనికి ఏ సంబంధమూ లేదు. ఆ ఉద్దేశంతో వచ్చి మొదటి పాఠం తర్వాత మానేసినవారు కూడా ఉన్నారు. ఈసారి తీసుకున్న అంశం అమెరికాలోని లూసియానా రాష్ట్రపు అంగోలా జైలు, అంటే ఒకప్పుడు బానిసలతో పత్తి పండించిన ప్లాంటేషన్ భూమి ఖైదీలతో పంట పండించే జైలు పొలంగా మారిన వైనం. గుంటూరులో కూర్చొని దీన్ని వినవలసిన అవసరమేమిటని నన్ను అడిగినవారికి నేను ఇచ్చిన జవాబు ఒక్కటే: పత్తి గురించీ, కూలి గురించీ, కరకట్టల గురించీ ఇంత తెలిసిన ఊరు ఈ కథను మిగతావారి కన్నా త్వరగా పట్టుకుంటుంది.

పాఠం చెప్పేవారు కళాశాలలో చరిత్ర బోధించి పదవీ విరమణ చేసిన పెద్దాయన; అందరూ మాస్టారనే పిలుస్తారు. ఆయన పద్ధతిలో నాకు నచ్చిన విషయం ముందే చెబుతాను. జైళ్ల చరిత్ర చెప్పేవారు సాధారణంగా శిక్షలతోనో, సంస్కర్తలతోనో, పేరుమోసిన ఖైదీలతోనో మొదలుపెడతారు. ఈయన భూమితో మొదలుపెట్టి చివరిదాకా భూమిని వదలలేదు. గోడకు పెద్ద కాగితం అతికించి, మూడు వైపులా మిసిసిపీ నదిని, నాలుగో వైపు ట్యూనికా గుట్టలను స్కెచ్ పెన్నుతో గీసి, మధ్యలో మిగిలిన ఖాళీని చూపిస్తూ, మనం ఈ నాలుగు వారాలూ దీని హద్దు దాటి బయటికి వెళ్లబోవడం లేదని అన్నారు. పద్దెనిమిది వేల ఎకరాల ఆ ఖాళీ న్యూయార్క్ నగరపు మన్‌హట్టన్ ద్వీపం కన్నా పెద్దది. ప్రతి పాఠంలోనూ ఆ కాగితం మీద యజమాని పేరును మాత్రం కొట్టివేసి కొత్త పేరు రాస్తూ వచ్చారు. బోధనలో ఇంత తక్కువ సరంజామాతో ఇంత పని జరగడం నేను అరుదుగా చూశాను.

మొదటి పేరు ఐజాక్ ఫ్రాంక్లిన్. వర్జీనియాలోని అలెగ్జాండ్రియా కేంద్రంగా నడిచిన ఫ్రాంక్లిన్ అండ్ ఆర్మ్‌ఫీల్డ్ అనే బానిస వ్యాపార సంస్థలో ఇతను భాగస్వామి. పొగాకు సాగు చితికిన వర్జీనియా, మేరీలాండ్ వంటి రాష్ట్రాల్లో మనుషులను కొని, పత్తి సాగు పెరుగుతున్న న్యూ ఆర్లీన్స్, నాచెజ్ బజార్లలో అమ్మడం ఆ సంస్థ పని. అలా గడించిన డబ్బుతో 1830లలో ఇతను నది ఒడ్డున వరుసగా ప్లాంటేషన్లు కొన్నాడు. వాటిలో ఒకదాని పేరు అంగోలా. అక్కడ పనిచేసిన బానిసల పూర్వీకులు ఆఫ్రికాలోని ఆ ప్రాంతం నుంచి వచ్చారన్న కారణంగా ఆ పేరు వచ్చిందని చెబుతారు. 1846లో ఫ్రాంక్లిన్ చనిపోయాక భూములు భార్య అడెలీషియాకు దక్కాయి. ఆమె 1849లో జోసెఫ్ ఆక్లెన్‌ను పెళ్లాడింది. అతని అజమాయిషీలో 1859 నాటికి ఆ ప్లాంటేషన్లు ఒక్క ఏడాదిలో 3,100 బేళ్ల పత్తి ఇచ్చాయి.

ఈ అంకె దగ్గర మాస్టారు ఆగిన తీరు ఈ తరగతికి మంచి ఉదాహరణ. ఆయన దాన్ని చదివి ముందుకు వెళ్లిపోలేదు. ఒక మనిషి రోజుకు ఎంత పత్తి తీయగలడని గదిలో ఉన్నవారినే అడిగారు. వ్యవసాయ శాఖలో పనిచేసి విరమించిన ఒకాయన, ఫిరంగిపురం వైపు నుంచి వచ్చే ఒక రైతు ఆ ప్రశ్న మీద కాసేపు వాదించుకున్నారు: మొదటి తీతా, ఆఖరి తీతా ఒకటి కావనీ, మంచు ఆరకముందు తీస్తే తూకం పెరుగుతుంది గానీ దూది పాడవుతుందనీ, కాయ పగిలిన అంచులు గోళ్ల సందుల్లో గీరుకుంటాయనీ. మాస్టారు వారిని ఆపకుండా విని, తర్వాత బల్ల మీద చెయ్యి పెట్టి, ఇప్పుడు ఇదే పనిలో తూకం తగ్గినందుకు కొరడా ఉంటుందనుకోండి, అన్నారు. గది నిశ్శబ్దమైంది. అమెరికా పుస్తకాల్లో పేజీలకు పేజీలు ఖర్చయ్యే వర్ణన ఇక్కడ రెండు నిమిషాల్లో అందరికీ అందింది.

ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన అమెరికా అంతర్యుద్ధం నాటి ఒక ఉదంతాన్ని కూడా ఆయన చక్కగా చెప్పారు. 1863లో ఆక్లెన్ చనిపోయాక అడెలీషియా స్వయంగా లూసియానా వెళ్లి, రెండు సైన్యాలతోనూ మంతనాలాడి, తగలబడకుండా మిగిలిన పత్తిని దాటించి, ఇంగ్లండులోని రాత్‌స్చైల్డ్ కుటుంబానికి అమ్మిందని, ముట్టిన సొమ్ము 9,60,000 డాలర్లని ప్రసిద్ధి. అదే యుద్ధం వల్ల అమెరికా పత్తి ఆగిపోయి, ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులు మన దేశపు పత్తికి ఎగబడ్డాయి. కృష్ణా, గుంటూరు ప్రాంతాల ఎర్రజీర పత్తి విదేశీ వర్తకుల చిట్టాల్లో కొకనాడా (అంటే కాకినాడ) పేరుతో ఎక్కేది. ఆ రెండింటినీ ఒకచోట పెట్టి చూపడం బాగుంది కానీ, ఆ లంకె మీద ఆయన ఇంకో పది నిమిషాలు ఖర్చు చేసి ఉండవలసింది.

రెండో ఆదివారం పాఠమే మొత్తం పాఠాల మాలకు ప్రాణం. 1865లో అమెరికా రాజ్యాంగానికి చేసిన పదమూడో సవరణ బానిసత్వాన్ని రద్దు చేస్తూనే, నేరానికి శిక్షగా విధించినప్పుడు తప్ప అనే మినహాయింపును ఉంచింది. ఆ మినహాయింపులోంచి పుట్టినదే ఖైదీలను కౌలుకివ్వడం. సామ్యూల్ లారెన్స్ జేమ్స్ అనే మాజీ కాన్ఫెడరేట్ (అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షపు) సైనికాధికారి 1870లో లూసియానా రాష్ట్రంలోని ఖైదీలందరినీ ఇరవై ఒక్క ఏళ్లకు కౌలుకు పుచ్చుకున్నాడు. మొదటి ఏడాది 5,000 డాలర్లు, ఆపైన ఏటా వెయ్యి చొప్పున పెంచుతూ చివరి ఏడాదికి 25,000 డాలర్లు రాష్ట్రానికి చెల్లించాలన్నది ఒడంబడిక. ఖైదీల తిండి, బట్ట, కాపలా అన్నీ అతని బాధ్యత. వారి శ్రమ మీద వచ్చిన రాబడి అంతా అతనిదే. మొదట నది కరకట్టల మీద, రైలు మార్గాల మీద వారిని తిప్పాడు. 1880లో అడెలీషియా నుంచి అంగోలా భూములు కొని, ఖైదీలను తెచ్చి పాత బానిసల గుడిసెల్లోనే ఉంచాడు.

మాస్టారు ఇక్కడ వేసిన లెక్క నాకు ఈ తరగతిలో దొరికిన అన్నిటికన్నా విలువైన విషయం. బానిసను కొన్న యజమానికి ఆ మనిషి మీద పెట్టుబడి ఉండేది. మనిషి చస్తే నష్టం అతనిది. కౌలుదారుకు ఆ పెట్టుబడి లేదు. ఒక ఖైదీ చనిపోతే కోర్టు ఇంకో ఖైదీని పంపుతుంది. తీసుకున్న మనిషిని కాపాడుకోవలసిన స్వార్థం కూడా మిగలని ఏర్పాటు ఇది. పొడిగింపుతో కలిపి కౌలు సాగిన ముప్ఫై ఏళ్లలో సుమారు మూడు వేల మంది ఖైదీలు మరణించారన్నది చరిత్రకారుల అంచనా. మన ప్రాంతంలో కౌలు రైతు పొలానికి ఎరువు ఎందుకు ఎక్కువ వేయడో తెలిసిన శ్రోతలకు ఈ తర్కాన్ని మళ్లీ విడమరచి చెప్పనక్కరలేకపోయింది.

అదే పాఠంలో 1898 నాటి లూసియానా రాజ్యాంగం గురించి చెప్పినది కూడా గుర్తుంచుకోదగినది. ఖైదీల కౌలు ఒప్పందం ముగిశాక దాన్ని పొడిగించరాదని చెప్పింది ఆ రాజ్యాంగమే. నల్లవారి ఓటు హక్కును ఊడబెరికింది కూడా అదే. జ్యూరీలో పన్నెండు మందిలో తొమ్మిది మంది ఒప్పుకుంటే చాలు, మనిషిని కఠిన శ్రమతో జైలుకు పంపవచ్చునన్న నిబంధనను తెచ్చింది కూడా అదే. జ్యూరీలో ఒకరిద్దరు నల్లవారు కూర్చున్నా వారి మాట చెల్లకుండా పోయే ఏర్పాటు అది. తర్వాతి కాలంలో తొమ్మిది పది అయింది గానీ, ఏకగ్రీవం అవసరమన్న నియమం రాష్ట్రంలో రావడానికి 2018 నాటి ప్రజాభిప్రాయ సేకరణ దాకా ఆగవలసి వచ్చింది. 2020లో అమెరికా సుప్రీంకోర్టు రామోస్ కేసులో దేశమంతటికీ ఆ మాటే చెప్పింది. పొలానికి కూలీలు ఎక్కడి నుంచి వస్తారన్న ప్రశ్నకు జవాబు పొలంలో కాక జ్యూరీ గదిలో ఉందని చూపడం, ఈ పాఠాన్ని మామూలు జైలు కథల స్థాయి నుంచి పైకి తీసింది.

మూడో ఆదివారం ప్రభుత్వం వంతు. జేమ్స్ 1894లోనే చనిపోయాడు, కుటుంబం కొనసాగించింది. 1900లో రాష్ట్రం ఎనిమిది వేల ఎకరాలను 2,00,000 డాలర్లకు కొని, 1901 జనవరి నుంచి జైలును తన చేతిలోకి తీసుకుంది. కౌలుదారుడు పోయినా లాభం కావాలన్న ఆశ మాత్రం పోలేదు. జైలు తన ఖర్చు తానే సంపాదించుకోవాలని శాసనసభ్యులు పట్టుబట్టారు. నది మాత్రం 1903, 1912, 1922లలో కరకట్టలు తెంచి పంటలను ముంచింది. 1916లో జనరల్ మేనేజరుగా వచ్చిన హెన్రీ ఫుక్వా ఖర్చు తగ్గించడానికి జీతం తీసుకొనే కాపలాదారులలో దాదాపు అందరినీ మరుసటి ఏడాది తీసేసి, ఖైదీలలోనే కొందరికి తుపాకులిచ్చి మిగతావారి మీద కాపలా పెట్టాడు. ఈ ఏర్పాటు 1970ల తొలి ఏళ్ల దాకా సాగింది. 1920లలో మరో పది వేల ఎకరాలు కలిసి నేటి విస్తీర్ణం ఏర్పడింది.

ఈ పాఠం కొంత సాగదీసినట్టు అనిపించింది. జైలు అధికారుల పేర్లు, వారి నియామకాలు, గవర్నర్ల పార్టీ తగాదాలు వరుసగా వస్తుంటే వెనక వరుసలో ఇద్దరు కుర్రాళ్లు ఫోన్లు తీశారు. వారిని నేను తప్పుపట్టలేను. అయితే 1951 దగ్గరకు రాగానే గది మళ్లీ నిటారుగా కూర్చుంది. ఆ ఏడాది ఫిబ్రవరిలో 31 మంది ఖైదీలు పొలం పనినీ, కొట్టడాన్నీ భరించలేక బ్లేళ్లతో తమ కాలి మడమ నరాలను తామే కోసుకున్నారు. నడవలేని మనిషిని సాలు వెంట నిలబెట్టలేరన్నది వారి ఆలోచన. పత్రికల్లో వచ్చిన వార్తలతో రాష్ట్రం కదిలి విచారణ సంఘం వేసింది. మరుసటి ఏడాది ఒక జాతీయ పత్రిక అంగోలాను అమెరికాలోకెల్లా అధ్వాన్నమైన జైలని రాసింది. సంస్కరణలు వచ్చాయి, డబ్బు అయిపోయింది, సంస్కరణలు పోయాయి. మాస్టారు ఈ మూడు ముక్కల్లోనే ఆ పదిహేనేళ్లను దాటించారు. అది సరైన నిర్ణయమే.

ఇక లోపాల మాట. నాలుగో పాఠంలో 1971 నుంచి నేటి వరకు మొత్తం కుక్కేశారు. 1971లో హేస్ విలియమ్స్, మరికొందరు ఖైదీలు జైలు పరిస్థితుల మీద వేసిన దావా, వాటిని సరిదిద్దాలని 1975లో ఫెడరల్ జడ్జి గోర్డన్ వెస్ట్ ఇచ్చిన ఉత్తర్వు, అంతకుముందు మూడేళ్లలో కత్తిపోట్లకు చనిపోయిన నలభై మంది ఖైదీలు, ఏకాంత నిర్బంధంలో నాలుగు దశాబ్దాలకు పైగా గడిపి 2016లో విడుదలైన ఆల్బర్ట్ వుడ్‌ఫాక్స్, అధికారుల కత్తెర పడకుండా ఖైదీలే నడిపిన ది ఆంగొలైట్ పత్రిక, 1965 నుంచి జరుగుతున్న ఖైదీల రోడియో (గుర్రాలు, ఎద్దుల మీద స్వారీ పోటీలు), ఇవన్నీ గంటలోపే గడిచిపోయాయి. వీటిలో ఒక్కోదానికి ఒక్కో సాయంత్రం పడుతుంది. గవర్నర్ల తగాదాలకు ఇచ్చిన సమయంలో సగం ఇక్కడికి తెచ్చి ఉంటే ఎంతో మేలు జరిగేది.

అంతకన్నా పెద్ద అభ్యంతరం ఒకటుంది. నూట తొంభై ఏళ్లలో ఆ కాగితం మీద పేర్లు మారాయి తప్ప మరేమీ మారలేదని మాస్టారు పదేపదే అన్నారు. వినడానికి పదునుగా ఉంటుంది గానీ, ఆయన చెప్పిన వాస్తవాలే ఆయన మాటకు అడ్డొస్తాయి. 1975 ఉత్తర్వు నాటికే తుపాకీ పట్టిన ఖైదీలు పోయారు, ఆ తర్వాత వైద్యమూ భద్రతా కొంతైనా మెరుగయ్యాయి, జైలు ప్రభుత్వపు సొంత ఇష్టం కాక కోర్టుకు జవాబు చెప్పవలసిన స్థలమైంది. నేటికీ పొలం పనికి గంటకు రెండు సెంట్లు ఇస్తున్నారన్నదీ, గుర్రం మీద తుపాకీతో కాపలాదారుడు వెంట ఉంటాడన్నదీ, ఖైదీల్లో అత్యధికులు నల్లవారన్నదీ నిజమే. అయినా ఏదీ మారలేదని చెబితే, దావా వేసిన ఖైదీల కష్టాన్ని మనమే చెరిపేసినట్టవుతుంది. ఎండలో పొలం పని మీద 2023లో ఖైదీలు మళ్లీ కోర్టుకెళ్లడం, 2024 జులైలో జడ్జి బ్రయాన్ జాక్సన్ నీడ, విశ్రాంతి, రక్షణ సామగ్రి విషయాల్లో జైలు ఏర్పాట్లు సరిదిద్దాలని ఆదేశించడం ఆ పాత దావా వేసిన దారిలోనివే. రోహిణీ కార్తెలో మిట్టమధ్యాహ్నం మిరప కళ్లాల్లో నిలబడ్డవారున్న గదిలో ఈ కేసు మీద మంచి చర్చ జరిగి ఉండేది. దానికి దక్కినవి నాలుగైదు వాక్యాలు. 2022లో శిక్షగా నిర్బంధ శ్రమ అన్న మినహాయింపును రాష్ట్ర రాజ్యాంగం నుంచి తొలగించే ప్రతిపాదన ప్రజల ఓటులో ఎందుకు వీగిపోయిందో, దాని పదాల గందరగోళం వల్ల ప్రతిపాదించిన శాసనసభ్యుడే చివరికి వద్దన్నాడన్న విచిత్రంతో సహా చెప్పారు. ఆ పాఠంలో నిలబడిన భాగం అదే.

ప్రశ్నల సమయంలో డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, మరి మన స్టువర్టుపురం సంగతేమిటండీ?" అని అడిగింది. నాలుగు వారాల్లో వచ్చిన ప్రశ్నలన్నిటిలోకీ మేలైనది ఇది. బాపట్ల దగ్గర ఆ స్థావరాన్ని మొదటి ప్రపంచ యుద్ధానికి కొద్దిగా ముందు సాల్వేషన్ ఆర్మీ చేతుల మీదుగా మద్రాసు ప్రభుత్వం నెలకొల్పి, నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాలను అక్కడ ఉంచింది. హాజరు పట్టీలూ, ఊరు దాటడానికి అనుమతి చీటీలూ నడిచాయి. చీరాల పొగాకు కంపెనీకి అక్కడి నుంచి కూలీలు వెళ్లారు. మాస్టారు అది వేరే అంశమనీ, ఇంకో పాఠాల మాలలో చూద్దామనీ అన్నారు. రెండూ ఒకటి కావన్నది నిజమే: స్టువర్టుపురంలో ఉన్నవారికి కోర్టు శిక్ష వేయలేదు, పుట్టుకే నేరమైంది, పిల్లాపాపలతో సహా ఉంచారు. కానీ తేడాలు చెప్పడానికైనా ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడడం అవసరం. గుంటూరులో ఈ పాఠం చెబుతూ ఆ ప్రశ్నను వాయిదా వేయడం, పెళ్లికి పిలిచి పీట చూపకపోవడంలా ఉంది. అనంతపురం దగ్గరి మన ఓపెన్ ఎయిర్ జైలు గురించి మాత్రం ఒకరు అడిగితే, సత్ప్రవర్తన చూపిన ఖైదీలను ఎంపిక చేసి పంపే పద్ధతికీ, వచ్చినవాణ్ని వచ్చినట్టే పొలంలోకి తోలే పద్ధతికీ ఉన్న భేదాన్ని ఓపికగా వివరించారు.

ఏర్పాట్ల విషయం క్లుప్తంగా చెబుతాను. మేడ మెట్లు నిటారుగా ఉన్నాయి, పట్టుకోవడానికి కమ్మీ ఒక వైపే ఉంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు ముందుగా ఫోన్ చేస్తే కింద గదిలో తెర మీద చూపించే ఏర్పాటు చేస్తామన్నారు, చేశారు కూడా. ప్రొజెక్టరు పాతది, పొలంలో వరుసగా పారలు పట్టుకొని నడుస్తున్న ఖైదీల ఫొటో తెర మీద బూడిద మచ్చలా కనబడింది. ఇచ్చిన కరపత్రం ఇంకా నాసిరకం: జెరాక్సు మీద జెరాక్సు తీయడం వల్ల తేదీలు సగం చెదిరిపోయాయి, గోడ మీది పటం అందులో అసలు లేదు. ఈ పాఠాల మాలకు ఆయువుపట్టయిన ఆ పటాన్ని ఇంటికి పంపకపోవడం నాకు అర్థం కాలేదు. చదవడానికి పుస్తకాల జాబితా అడిగితే అన్నీ ఇంగ్లీషువే చెప్పారు. తెలుగులో నాలుగు పేజీల కాలక్రమం ఒకటి తయారుచేసి ఇస్తే, రుసుము వంద పెంచినా ఎవరూ కాదనరు. టీ బాగుంది.

చరిత్ర అంటే రాజులూ యుద్ధాలే కాదనుకొనేవారు, న్యాయశాస్త్రం చదువుతున్నవారు, వ్యవసాయ కూలీలతో పనిచేసే సంఘాలవారు దీనికి వెళ్లవచ్చు. పదేళ్లలోపు పిల్లలను తీసుకువెళ్లవద్దు. మూడో పాఠంలోని కొన్ని విషయాలు వారు వినదగినవి కావు. కుర్చీలు నలభైకి మించవు గనుక పేరు ముందే రాయించుకోవాలి. ఈ అంశాన్నే సంక్రాంతి తర్వాత మళ్లీ చెబుతారట. అప్పటికి నాలుగో పాఠాన్ని రెండుగా విడగొట్టి అయిదు ఆదివారాలు చేయాలని నేను సలహా చీటీ మీద రాసి పెట్టెలో వేశాను, స్టువర్టుపురం ప్రశ్ననూ కింద రాశాను.